మోత లేని గది

ఆగస్టు 1

సెమినార్ అంశాలు చీటీల మీద రాసి తీయమన్నారు అరుణ్‌కుమార్ సార్. నాకు వచ్చింది: "నాడీకణాల కొనల నుంచి అమైనో ఆమ్ల ప్రసారకాల విడుదల." కోమలకు కప్ప గుండె వచ్చింది.

"నీ అంశం పేరు చదివేసరికే బెల్లు కొడ్తరే. నాకు కప్పనే నయం" అంది. చెన్నూరు పిల్ల, దేనికీ భయపడదు. హాస్టల్లో నా పక్క మంచం ఆమెదే.

సాయంత్రం బాపు ఫోన్ చేశాడు, ఎప్పటిలాగే సిరిసిల్లలో బట్ట నేసే సాంచాల షెడ్డులోంచి. మోతలో ఒక్క ముక్క అర్థం కాలేదు. "వినబడ్తలేదు బాపూ, బయటికచ్చి మాట్లాడు" అన్నాను. ఆయన రాడు. నడిచే సాంచాను వదిలి బయటికి రావడం ఆయనకు చేతకాదు. ఏదో అన్నాడు, మాట ముద్దముద్దగా ఉంది, పెట్టేశాడు. చివర "నవ్వీ" అన్నది మాత్రం వినబడింది. నవీన అని ఆయన నన్ను ఎన్నడూ పిలవలేదు.

ఏం చదువుతున్నవే అని అడిగే ఉంటాడు. కప్పలు, బొద్దింకలు అంటే చెప్పొచ్చు. దీన్ని ఎలా చెప్పాలి?

ఆగస్టు 2

నా మాటల్లో రాసుకుంటాను. లేకపోతే సార్ ముందు నోట్లోంచి పుస్తకమే వస్తుంది.

నాడీకణం కొనలో చిన్న చిన్న సంచులుంటాయి. కొన్నింటిలో గ్లూటమేట్, కొన్నింటిలో గాబా, కొన్నింటిలో గ్లైసిన్. నిండుగా, గోడకు ఆనుకుని ఎదురుచూస్తుంటాయి. పైనుంచి సంకేతం వస్తుంది. కొనలో కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి దూకగానే సంచి గోడతో కలిసిపోయి, లోపలున్నది బయట పడుతుంది. అవతలి కణం అందుకుంటుంది. రెప్ప వేసినంత సేపు కూడా పట్టదు.

సంచి మీద ఒక ప్రోటీన్, గోడ మీద రెండు. ఆ మూడూ ఒకదాని చుట్టూ ఒకటి మెలిపడి, పురి పెట్టిన దారంలా బిగుసుకుని, సంచిని గోడ మీదికి లాగుతాయి. ఇది చదివి నవ్వుకున్నాను. ఇంత దూరం వచ్చి మళ్లీ దారమే చదువుతున్నాను.

గ్లూటమేట్ కదలమంటుంది. గాబా, గ్లైసిన్ ఆగమంటాయి. ఆగమనేవాళ్లు లేకపోతే ఏమవుతుందో తర్వాతి పేజీల్లో ఉందట. రేపు చదవాలి.

ఆగస్టు 4

కరీంనగర్‌లోనే, యూనివర్సిటీకి దగ్గర్లోని దవాఖానా వరండాలో కూర్చుని రాస్తున్నాను. డైరీ పుస్తకాల సంచిలోనే ఉండిపోయింది.

బాపుకు ధనుర్వాతం.

రాసి చూస్తే నమ్మకం కుదురుతుందేమో అనుకున్నాను. కుదరలేదు.

కిందటి నెల షెడ్డులో, అటూ ఇటూ పోగు మోసే నాడె ఎగిరి వచ్చి ఆయన పాదం మీద పడిందట. నాడె కొనకు ఇనుప ముక్కు ఉంటుంది, అది లోతుగా దిగింది. సాంచాల దగ్గర దెబ్బ తగిలితే మావాళ్లెవరూ సూది కోసం పోరు. కింద పడి ఉన్న తెగిన నూలు తీసి, సాంచాకు పోసే నూనెలో తడిపి, గట్టిగా చుట్టుకుంటారు. నెత్తురు ఆగుతుంది. ఆయనా అదే చేశాడు. పైకి మానింది కూడా. తర్వాత దవడ పట్టేస్తే పన్ను నొప్పి అనుకుని లవంగం పెట్టుకున్నాడు. మొన్న ఫోన్లో మాట ముద్దగా రావడం మోత వల్ల కాదు.

గదిలోకి అడుగుపెట్టగానే బాపు నవ్వుతున్నాడనుకున్నాను. పెదవులు రెండు పక్కలకూ లాగి ఉన్నాయి, పళ్లన్నీ కనిపిస్తున్నాయి. ఆయన అంత బాగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. కళ్లు మాత్రం నవ్వడం లేదు. నా మీదే ఉన్నాయి.

"తెలివిల్నే ఉన్నడమ్మా. అన్ని తెలుస్తయి ఆయనకు" అంది డాక్టరమ్మ.

బాపుకు చెవులు మందం. సాంచాల మీద బతికే ఇళ్లలో అందరికీ అంతే. మా ఇంట్లో ఉప్పు డబ్బా అడగాలన్నా అరిచే అడుగుతాం. అవ్వ అదే అలవాటున మంచం మీదికి వంగి తన మొగుడి చెవిలో కేకేసింది.

"ఓ నవ్వి బాపూ! బిడ్డ అచ్చిందయ్యా!"

ఆయన ఒళ్లంతా విల్లులా పైకి లేచింది. తల, మడమలు తప్ప ఏదీ మంచానికి తగలడం లేదు. ఆ రోగానికి ఆ పేరు ఎందుకొచ్చిందో కళ్లతో చూశాను. మమతారాణి సిస్టర్ పరుగెత్తుకొచ్చి మమ్మల్నిద్దర్నీ బయటికి నెట్టింది.

"పాణం తీస్తవా ఏందమ్మా? సప్పుడు వద్దు, ఎలుతురు వద్దు, ముట్టుకునుడు వద్దు! ఎవలన్న తలుపు దబ్బున ఏసినా ఆయనకు గదే అయితది!"

అవ్వ గోడకు జారి కూర్చుంది.

"నేను పిలిచిన బిడ్డా. గంతేగద. ఉత్తగ పిలిచిన."

ఆగస్టు 5

అవ్వ మాట్లాడటం మానేసింది. బయట వరండాలో, నాతో కూడా.

ఆగస్టు 6

ఆ తర్వాతి పేజీలు చదివాను.

విషం పాదం దగ్గర నరంలోకి ఎక్కి, వెనక్కి పాకుతూ వెన్నుపాములోకి పోతుంది. అక్కడ ఆగమని చెప్పే కణాల కొనల్లోకి చేరుతుంది. సంచి మీదున్న ఆ ఒక్క ప్రోటీన్‌ను కత్తిరిస్తుంది. అంతే. గాబా అలాగే ఉంటుంది. గ్లైసిన్ అలాగే ఉంటుంది. సంచులు నిండుగా గోడ దగ్గరే ఉంటాయి. సంకేతం వస్తుంది, కాల్షియం వస్తుంది. మెలిపడటానికి పోగు ఉండదు. అవతల గ్లూటమేట్ కదులు కదులు అంటూనే ఉంటుంది.

సాంచాలో అడ్డపోగు తెగితే దానంతటదే ఆగే ఏర్పాటు ఉంటుంది. అది చెడిపోతే పోగు లేకుండానే నాడె అటూ ఇటూ కొట్టుకుంటుంది. చిన్నప్పుడు ఒకసారి చూశాను. సాంచా మొత్తం ఊగిపోతుంటే బాపు ఉరికి వెళ్లి బెల్టు తప్పించాడు. తప్పించి, దాని మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు, బెదిరిన ఎద్దును సముదాయించినట్టు.

ఇది సెమినార్‌కు పనికొస్తుంది. సెమినార్ కోసమే రాస్తున్నాను.

ఆగస్టు 8

గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టారు. ఊపిరి ఆగకుండా. మంచిదే అన్నారు. గొట్టం ఉన్నన్నాళ్లు గొంతు పలకదు.

ఆయన గొంతు గుర్తు తెచ్చుకోవాలని కూర్చున్నాను. సాంచాల మోతే వస్తోంది. మోత లేకుండా ఆయన గొంతు ఎప్పుడు విన్నాను? ఇంట్లో ఆయన తింటాడు, పడుకుంటాడు. మాట్లాడేదంతా షెడ్డులోంచే. "నవ్వీ" ఒక్కటే వేరుగా వినబడుతోంది. దాన్నే మళ్లీ మళ్లీ వింటున్నాను. వింటుంటే అరిగిపోతుందేమోనని మానేశాను.

మళ్లీ విన్నాను.

ఆగస్టు 9

కోమల హాస్టల్ నుంచి డబ్బా తెచ్చింది. అవ్వ చేత బలవంతంగా తినిపించింది.

"తినుమంటే తినవాయె. నువ్వు పడితే నిన్ను మోసుడు నాతోని కాదు. జర బరువు తగ్గినంక పడు."

ఇన్ని రోజులకు అవ్వ పెదవి కొంచెం కదిలింది. నవ్వో ఏడుపో తెలియలేదు.

"గీ సాంచా సాంచా అంటవు, ఏందే అది?" అని కోమల నన్నడిగింది. మరమగ్గమే అని చెప్పాను. "గదా! నేనేదో దేవుడనుకున్న" అంది.

ఆగస్టు 10

హనుమండ్లు కాక సిరిసిల్ల నుంచి వచ్చాడు. బాపు పక్క సాంచాలు ఆయనవి. వరండాలో అడుగుపెడుతూనే "బిడ్డా! ఎట్లున్నడు బాలమల్లన్న!" అన్నాడు. సిస్టర్ తలుపులోంచి తల బయటపెట్టింది.

"ఎవలయ్యా ఆ మైకు?"

"నేనమ్మా, హనుమండ్లును."

"పేరు అడగలే. గొంతు తగ్గియ్."

కాకకు గొంతు తగ్గించడం రాదు. తగ్గించబోతే మాటే ఆగిపోయింది. అప్పుడిక షెడ్డులో లాగా గొంతు లేకుండా, పెదవులతో నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఎట్లున్నడు?" నేను కూడా అలాగే జవాబిచ్చాను. "మంచిగ లేడు కాకా." "తింటుండా?" "ముక్కుల గొట్టంతోని." చాలాసేపు అలా మాట్లాడుకున్నాం. సిస్టర్ వచ్చి మమ్మల్ని చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఏందిది? మూగోళ్లా మీరు?"

"సాంచాల కాడ గింతేనమ్మా. అరిచినా వినబడది. మూతి చూసి తెలుసుకునుడే" అన్నాడు కాక. "కని ఒక్కటే తకరారు. ప, బ, మ మూడు మూతి మీద ఒక్కతీర్గనే ఉంటయి. ఓసారి నేను మామా అని పిలిస్తే గా మడేలయ్య తన పాప అచ్చిందనుకుని గేటు కాడికి ఉరికిండు. గందుకే చేతి సైగ జతచేస్తం."

సిస్టర్ మూతి మూసుకుని నవ్వింది. చప్పుడు లేకుండా.

నాకెందుకు ముందే తట్టలేదు?

ఆగస్టు 11

సిస్టర్‌ను బతిమాలాను. మంచం కాళ్ల వైపు నిలబడాలి, దగ్గరికి పోకూడదు, చిన్న బల్బు నా ముఖం మీద మాత్రమే పడాలి, ఆయన మీద కాదు. ఒప్పుకుంది.

బాపు కళ్లు సగం మూసి ఉన్నాయి. ఆయనకిచ్చే మందు మత్తు మందే. మిగిలిన కాస్త గాబా మాట అవతలి కణానికి గట్టిగా వినబడేలా చేస్తుందట అది. నేను కదలకుండా నిలబడ్డాను. కళ్లు తెరిచాడు.

"బాపూ" అన్నాను. పెదవులతోనే.

ఒళ్లు లేవలేదు. కళ్లు నా మూతి మీద నిలిచాయి. షెడ్డులో అడ్డంగా సాంచాల మీదుగా చూసేటప్పుడు ఎలా చూస్తాడో అలా.

"అవ్వ బయట ఉంది. తిన్నది. హనుమండ్లు కాక నీ సాంచాలు చూసుకుంటుండు. నేను నీ రోగమే చదువుతున్న."

రెప్పలు వాల్చి ఎత్తాడు. ఆ దవడ కదలదు, ఆయనేమీ అనలేడు. అయినా గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు చాలా మాట్లాడుకున్నట్టే అనిపించింది.

చిన్నప్పుడు నూలు కండెలు అందించడానికి షెడ్డుకు పోయేదాన్ని. నేను చిన్న మూతితో మాట్లాడతానని బాపు కోప్పడేవాడు. చూపుడువేలితో చెవి మీద తట్టుకునేవాడు. వినబడలే, గట్టిగ చెప్పు అని ఆ సైగకు అర్థం. మోతలో గట్టిగా అరిచినా వినబడదని తెలిసి కూడా అరిచేదాన్ని.

ఆగస్టు 13

ఎవరో వరండాలో స్టీలు గిన్నె జారవిడిచారు. లోపల బాపు విల్లయ్యాడు. మళ్లీ. మళ్లీ. డాక్టరమ్మ గుండె వేగం మిషన్ మీద చూసింది. నేను అడిగాను. "ఇప్పుడే ఏం చెప్పలేం" అంది.

యూనివర్సిటీకి వెళ్లాను. అరుణ్‌కుమార్ సార్ గదిలోనే ఉన్నారు.

"సార్, సంచి తెరుచుకోకపోయినా, కాల్షియం లేకపోయినా, కొంత గాబా బయటికి వస్తుందని ఉంది కదా. లోపలికి మోసుకుపోయే ప్రోటీనే ఎదురు తిరిగి బయటికి మోస్తుందని."

"వస్తది."

"ఎంత సార్? సరిపోతుందా?"

"అది కారుడమ్మా, విడుదల కాదు. టైముకు రాదు, కావల్సిన తావుకు రాదు. దానితోని పని నడవది." కళ్లద్దాలు తీశారు. "సెమినార్ కోసమేనా అడుగుతున్నవ్?"

చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత మెల్లగా, నాకు పాఠం చెప్పినట్టే చెప్పారు.

"తెగిన ప్రోటీను కణం మళ్లీ తయారు చేసుకుంటది. కొత్త కొనలు మొలుస్తయి. వారాలు పడుతది. విషం చేసింది మనం తీసెయ్యలేం. అందాకా ఆయన్ను నిలబెట్టుకునుడే. సెమినార్‌ది ఫికర్ చెయ్యకు, నీ వంతు చివరికి పెడ్త."

ఆగస్టు 14

నేను ఏడవలేదు. కొత్త కొనలు మొలుస్తాయి.

ఆగస్టు 15

కొత్త కొనలు మొలుస్తాయి.

ఆగస్టు 19

నూలు పున్నమి. మా పద్మశాలి ఇళ్లలో ఈ రోజు మగవాళ్లు జంధ్యం మారుస్తారు. బాపుది గొట్టం పెట్టిన రోజే తీసేశారు. అవ్వ కొత్తది పసుపు రాసి తెచ్చింది. ముట్టుకోవద్దు కదా. తలుపు పిడికి కట్టబోయింది. సిస్టర్ చూసి, తీసుకుని, శానిటైజర్ రాసుకున్న చేతులతో మంచం కాళ్ల వైపు కమ్మీకి కట్టింది. ముడి వేస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టింది.

బాపు దాన్నే చూస్తున్నాడట.

ఆగస్టు 24

విల్లు కావడం తగ్గింది. ముఖం మీద ఆ నవ్వు కొంచెం వదిలింది. మందు తగ్గించి చూస్తున్నారు. ఈ పూట అవ్వ లోపలికి పోయి వచ్చింది. ఎట్లున్నడు అంటే తల అడ్డంగా ఊపింది. నీళ్లు తాగలేదు, నా వైపు చూడలేదు.

అలసిపోయి ఉంటుంది.

ఆగస్టు 25

అవ్వ ఈ రోజు లోపలికి పోనంది. "నువ్వు పో" అని సైగ చేసింది. నేను పోయేసరికి బాపు నిద్రలో ఉన్నాడు. అవ్వ అలసిపోయి ఉంటుంది.

ఆగస్టు 26

అలసట కాదు.

దవాఖానా వెనక, బట్టలు ఆరేసే చోట దొరికింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఇక్కడ కూడా చప్పుడు రాకుండా. కొంగు లాగేసి, ఏమైందే అవ్వా అని అడిగాను. గొంతు లేకుండా, పెదవులతోనే చెప్పింది.

"పెదవులు ఆడుతున్నయి బిడ్డా మీ బాపువి. మొన్న చూసిన. ఒక్క మాటే, మళ్ల మళ్ల గదే అంటుండు."

"ఏమంటుండు?"

"పోత అంటుండు. పోత, పోత. ఇగ ఓపతలేదు గావచ్చు. నేనెట్ల చెప్పుదు నీకు?"

నేనేం చెప్పానో గుర్తులేదు. పక్కన కూర్చున్నాను. ఆరేసిన దుప్పట్లలో ఒకటి గాలికి మా మీద పడింది. ఇద్దరం తీయలేదు.

కొత్త కొనలు మొలుస్తాయని పుస్తకంలో ఉంది. ఉండనని ఆయనే అంటే పుస్తకం ఏం చేస్తుంది?

ఆగస్టు 27

పొద్దున్నే లోపలికి పోయాను. బల్బు నా ముఖం మీద. ఆయన మేలుకునే ఉన్నాడు. నేనేమీ అనకముందే పెదవులు కదిలించాడు. అవ్వ చెప్పింది నిజమే. పెదవులు కలిసి విడిపోయాయి, గుండ్రంగా అయ్యాయి, నోరు తెరుచుకుంది.

పోత.

"పోవద్దు బాపూ" అన్నాను. ఆయన నుదురు ముడిపడింది. కోపం వచ్చినప్పుడు పడే ముడి. మళ్లీ అదే మాట. నేను మళ్లీ పోవద్దన్నాను. అప్పుడు పక్క మీదున్న కుడి చేతిని చూశాడు. నేనూ చూశాను. పిడికిలి సగం ముడుచుకుని, దుప్పటి మీద అటూ ఇటూ కదులుతోంది. అటూ ఇటూ. నాడె కొట్టుకున్నట్టు.

ప, బ, మ. మూతి మీద మూడూ ఒకటే.

"మోత?" అన్నాను.

రెప్పలు గట్టిగా మూసి తెరిచాడు. మళ్లీ పెదవులు. ఈసారి ఇంకో మాట కూడా. "మోత ఏది?"

అప్పుడు అర్థమైంది. ఆయన పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మోత వినని రోజు లేదు. ఇక్కడ మత్తు తగ్గి కళ్లు తెరిచినప్పటి నుంచి ఒక్క చప్పుడు లేదు. మేమందరం వచ్చి మూతులు ఆడిస్తున్నాం. చెవులు పూర్తిగా పోయాయనుకున్నాడు మా బాపు. అది అడగడానికి ఇన్ని రోజులు పట్టింది ఆయనకు. మేము దాన్ని పోత అనుకున్నాం.

"చెవులు పోలే బాపూ. మంచిగనే ఉన్నయ్. సప్పుడైతే నీకు నొప్పని మేమే సప్పుడు చేస్తలేం. గదిల మోత లేదు. గంతే."

చాలాసేపు నా మూతినే చూశాడు. కంటి కొన నుంచి నీరు కారి చెవిలోకి పోయింది. తుడవకూడదు. చూస్తూ నిలబడ్డాను.

బయటికి వచ్చి అవ్వకు చెప్పాను. "మోతనా?" అంది. బయటికి, గొంతుతో. ఇన్ని రోజుల్లో మొదటిసారి. "మోత ఏదని అడిగిండా? వారీ ఈని సాంచాలు కాలిపోను! నా పాణం తీసిండు గదనే!" అని తిట్టింది. తిడుతూనే తిన్నది.

సెప్టెంబర్ 5

సెమినార్ అయిపోయింది. గ్లైసిన్ దగ్గరికి వచ్చేసరికి నా పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. వెనక బెంచీ నుంచి కోమల "సౌండు, సౌండు" అంది. అందరూ నవ్వారు. గొంతు సర్దుకుని మొదటి నుంచి చెప్పాను. ధనుర్వాతం గురించి పుస్తకంలో ఉన్నంతే చెప్పాను. సార్ ప్రశ్నలేమీ అడగలేదు.

సెప్టెంబర్ 9

ముఖం మీద నవ్వు పూర్తిగా పోయింది. ఆయన మామూలు చిరాకు ముఖం తిరిగి వచ్చింది. ఎంత అందంగా ఉందో.

ఒకసారి వచ్చినంత మాత్రాన ఈ రోగం మళ్లీ రాదని లేదట. టీకా వేశారు. సూది గుచ్చితే మూలిగినట్టు మూతి పెట్టాడు, అంతే. ఒళ్లు లేవలేదు.

గొట్టం ఇంకా ఉంది. గొంతు ఇంకా లేదు. కిటికీ తెర కొంచెం కొంచెం తెరుస్తున్నారు. చప్పుడు ఎప్పుడు చేయొచ్చని అడగను. అడిగితే ఇంకా కాదంటారు.

సెప్టెంబర్ 12

డాక్టరమ్మే అంది. "ఇయ్యాల పిలిచి చూడమ్మా. మెల్లగ."

సిస్టర్ సూది మందు చేత్తో పట్టుకుని మంచానికి అటు పక్క నిలబడింది. అవ్వ తలుపు దగ్గరే ఆగిపోయింది. రెండు చేతులతో నోరు మూసుకుంది, మాట జారుతుందేమోనని. కిటికీలోంచి ఎండ బాపు పాదాల మీద పడుతోంది. గాయం ఎక్కడుండేదో కూడా తెలియడం లేదు.

ఇన్నాళ్లూ ఈ గదిలో గొంతు విప్పలేదు. ఎలా విప్పాలో మరిచిపోయినట్టుంది. దగ్గరికి పోయాను. చెయ్యి పట్టుకోలేదు. ఒక్కటొక్కటిగా చేయాలనుకున్నాను.

"బాపూ."

ఏమీ కాలేదు.

మడమలు మంచం మీదే ఉన్నాయి. నడుము మంచం మీదే ఉంది. ఛాతీ మెల్లగా లేచి దిగుతోంది. ఏమీ కాలేదు. సంచులు తెరుచుకున్నాయి. ఎక్కడో వెన్నుపాములో, కొత్తగా మొలిచిన కొనల్లో, ఆగమనే మాట సరైన సమయానికి, సరైన తావుకు చేరింది. ఏమీ కాకపోవడాన్ని నేనింత కోరుకుంటానని ఎన్నడూ అనుకోలేదు.

సిస్టర్ సూది కింద పెట్టింది.

బాపు నన్నే చూస్తున్నాడు. కుడి చెయ్యి పక్క మీద నుంచి లేచింది. ఆగుతూ ఆగుతూ, చాలాసేపు పట్టింది పైకి రావడానికి. అందరం ఆ చేతినే చూస్తున్నాం. చూపుడువేలు చెవి దాకా వచ్చి, దాని మీద తట్టింది.

వినబడలే. గట్టిగ చెప్పు.

"బాపూ!" అని అరిచాను. షెడ్డులో అరిచినట్టు, ఛాతీలో ఉన్నదంతా పెట్టి అరిచాను. వెనక అవ్వ కూడా అందుకుంది, "ఓ నవ్వి బాపూ!" అని. వరండాలో ఎవరో పరుగెత్తుకొచ్చారు.

"ఏయ్, ఇది దవాఖానా! మీ సాంచాల షెడ్డు గాదు!" అంది మమతారాణి సిస్టర్, కళ్లు తుడుచుకుంటూ.

బాపు పెదవులు కదిలాయి. చప్పుడు లేదు. రెండు అక్షరాలు, ఆ రోజు ఫోన్లో చివర వినబడినవే. ఇందులో ప లేదు, బ లేదు, మ లేదు. ఎవరైనా చదవగలరు.

మళ్లీ పిలిచాను.